రెండు చుక్కల బాణం

కరీంనగర్,
గోరెంకల గుట్ట కింద, నా చాయ్ బండి కాడ,
12 ఫిబ్రవరి 2024

బాబు భాయ్,

బాగున్నవా అని అడుగను. గొంతు ఆపరేషన్ అయ్యి ఎనిమిది నెలలైన మనిషి ఎంత బాగుంటడో నాకెరుకనే. ఫోన్ చేస్తే ఇటు నా వాగుడు, అటు నీ ఊపిరి బుసబుస. మొన్న కొమురవ్వ పక్కన నిలబడి విని, "ఎవ్వలతోని మాట్లాడుతున్నవ్, పాముతోనా?" అన్నది. నా పెండ్లాం నోటికి విరుగుడు లేదు. అందుకే కాయితం పట్టిన. ఏడో తరగతిల రెండేండ్లు కూసున్నోన్ని, తప్పులుంటే నీ మెడల ఏలాడే పలక మీద దిద్దుకో.

ఇక్కడి సంగతులు రాస్త. మన క్వారీ మూతబడ్డంక గుట్టను కోతులకు వదిలేసినమనుకున్నం గద. ఇప్పుడు ఆదివారం వస్తే కోతులకే జాగ లేదు. ట్రెక్కింగట! కరీంనగర్ ల ఒక క్లబ్బు పెట్టిండ్లు. హైదరాబాద్ నుంచి సుత కార్లేసుకొని వస్తుండ్లు. కాళ్లకు బూట్లు, వీపుకు సంచి, సంచికి గొట్టం, గొట్టం నోట్లె. మన అవ్వలు నెత్తిన కట్టెల మోపు, చంకల పిల్లతోని దిగిన దారినే వీళ్లు రెండు చేతుల రెండు కర్రలు పట్టుకొని ఎక్కుతుండ్లు. నిటారు కాడ ఫోటో. ఊపిరాడని కాడ ఫోటో. జారి కూలబడితే ఇంకో ఫోటో.

సంక్రాంతి ముందు ఒక సారు వచ్చి, "ఏయ్ చాయ్, పైకి దారెటు?" అన్నడు. నా పేరు చాయా? నాకు మండింది. తెల్లారి మోకాలును తిట్టుకుంట సగం గుట్ట ఎక్కిన. దారి చీలే కాడ క్లబ్బోళ్లు కుడి దిక్కు పసుపు బాణం గీసిండ్లు. నా దగ్గర క్వారీల మిగిలిన ఎర్ర పెయింటు డబ్బా ఉండె. పక్క బండ మీద ఎడమ దిక్కు ఎర్ర బాణం గీసిన, పసుపు దాని కంటే రెండింతలు పెద్దగ! ఎడమకు పోతే ఏమున్నదో నీకు తెలుసు. పాత క్వారీ అంచున తాళ్లు మోసుకుంట మనం నడిచిన తాడుదారి. గుట్ట నడుం చుట్టు తిప్పి తిప్పి, ముప్పావు గంటకు మళ్ల నా బండి కాడనే దించుతది.

ఇగ ఆదివారం వచ్చిందంటే నాకు సినిమా. చెమటలు కక్కుకుంట దిగి, "అన్నా, ఇదేనా శిఖరం?" అంటరు. "ఇదే సార్, శిఖరం మీదనే బజ్జీలు దొరుకుతయి" అంట. నవ్వేటోళ్లు నవ్వుతరు, తిట్టేటోళ్లు తిడుతరు, చాయ్ మాత్రం అందరు తాగుతరు.

నిషాత్ బిడ్డ నిన్న వచ్చింది. దవాఖాన ల్యాబ్ ల కొలువు మంచిగనే ఉందట. రెండు బజ్జీలు తిన్నది, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది, మూడోది అడిగింది. "కాకా, గుట్ట మీద మా అబ్బా పేరు, నీ పేరు చెక్కి ఉన్నయట గదా. నేను పైదాక పోయి ఫోటో తీసి అబ్బాకు పంపుతా" అన్నది. మీ నాయనను అడుగు బిడ్డా అన్న. అచ్చం నీ మొండితనమే.

జర తిండి తిను. పలక మీద నా బొమ్మ గీసి షహర్ బానో వదినెకు చూపి, వీడింకా సావలే అని చెప్పు.

కైలాసం


ఆదిలాబాద్,
25 ఫిబ్రవరి 2024

తమ్మీ కైలాసం,

నీ ఉత్తరం అందింది. షహర్ బానోకు తెలుగు చదువ రాదు, నాకు చదివి వినిపించే గొంతు లేదు. నేను నవ్వుతుంటే ఆమె నా మొహం చూసి నవ్వింది. నవ్వితే మెడ కాడి రంధ్రంల నుంచి ఈల వస్తది. అది విని ఇంకింత నవ్వింది. మా ఇంట్ల నవ్వు వినబడి శానా దినాలైంది. దానికి నీకు సలాం.

బజ్జీల శిఖరం దాక నవ్విన. తర్వాత మళ్లొకసారి చదివిన. ఈసారి నవ్వు రాలే.

నువ్వు తమాషాకు గీసినవు. కానీ నువ్వు మార్కు మేస్త్రివి. ఇరవై ఏండ్లు సుత్తెతో బండను కొట్టి, చెవి ఆనించి, లోపల పగులు ఉన్నదా లేదా విని చెప్పినోనివి. రాయి గట్టిగ ఉంటే బాణం గీసి, తోక కింద రెండు చుక్కలు పెట్టేటోనివి. చుక్కలుంటే అక్కడ మనిషి బరువు మోపొచ్చని లెక్క. క్వారీల అందరు నీ చుక్కలు చూసే కాలు పెట్టేటోళ్లు. నడుముకు తాడు కట్టుకొని, చేతుల డ్రిల్లు పట్టుకొని నేను వాటి మీద నిలబడితే కింద వంద అడుగుల బొంద. ఒక్కనాడు కిందికి చూడలే. ఒక్కనాడు నిన్ను, "సరిగ్గ విన్నవా?" అని అడుగలే. నువ్వు గీసినవు, నేను పొడిచిన. గంతే.

గా చేతితోని ఇప్పుడు తప్పు దారి గీసుడేంది యార్? తుడిచెయ్. ఆ ఎర్ర పెయింటు నీళ్లకు పోదు, మీద నల్లది పుయ్యి. ఇంకొక మాట. ఆ బాణం కింద చుక్కలు పెట్టలేదు గద?

నిషాత్ రోజూ మెసేజ్ పెడుతుంది, పోత పోత అని. నాకు సుత ఆ పేర్లు ఒకసారి చూడాలని ఉంది. నేనింక ఎక్కేది లేదు. కానీ నువ్వు తుడిచిన అని రాసినంకనే దానికి పొమ్మని చెప్త. ముందు చెప్పను.

బాబు మియా


కరీంనగర్,
14 మార్చి 2024

బాబు భాయ్,

తుడిచిన తండ్రీ, తుడిచిన. బడిల పంతులు సుత నన్ను గింత బెదిరియ్యలే.

ఎట్ల తుడిచిన్నో విను. నల్ల పెయింటు, కుంచె పట్టుకొని పొద్దుగాల ఎక్కిన. మోకాలు కటకటమంటుంటే దానికి బీడీ చూపించి బతిలాడుకుంట ఎక్కిన. సగం పూసిన్నో లేదో, ఒక గండు కోతి వచ్చి కుంచె గుంజుకున్నది. నేనిటు గుంజ, అదటు గుంజ. ఆఖరుకు డబ్బా తన్నుకున్నది, బండంత నల్లగైంది, కోతి దాంట్లె చతికిలబడ్డది. ఇప్పుడు గుట్ట మీద ఒక నల్ల ముడ్డి కోతి తిరుగుతుంది. అది కొత్త జాతి అని ట్రెక్కింగు సార్లు ఫోటోలు తీస్తుండ్లు. మొన్న ఒక మేడం దాని పేరేందని నన్నే అడిగింది. బాబు మియా అని చెప్పిన.

ఇంట్ల కొమురవ్వకు నడుము నొప్పి, నాకు కొమురవ్వ నొప్పి. గుట్ట వెనుక దిక్కు మళ్ల మిషన్ల చప్పుడు వస్తుంది. ఎవడో కొత్త కాంట్రాక్టరు పాత క్వారీని తెరిచిండట. పిలిచి మార్కు గీయమంటడేమో అని నాలుగొద్దులు చూసిన. ఇప్పుడు మార్కులు మిషన్లే గీస్తయట. మిషన్ కు చెవి ఉంటదా భాయ్?

బిడ్డను రమ్మను. బజ్జీలు పెట్టే పంపుత.

కైలాసం


ఆదిలాబాద్,
21 జులై 2024

తమ్మీ,

జవాబు ఆలస్యమైంది. దవాఖాన చుట్టు తిరుగుడు, వానలు. ఇక్కడ పత్తి చేన్లల్ల నీళ్లు నిలిచినయి.

నీ కోతి కథను షహర్ బానోకు సైగలతోని చెప్పిన. నేనే కోతిని, నేనే కైలాసాన్ని. దుప్పటి పట్టుకొని గుంజుకున్న. పక్కింటోళ్లు వచ్చి చూసి, బాబు మియాకు పిచ్చి లేసిందనుకున్నరు. కైలాసం భాయ్ కు రంజాన్ సేమియా పంపుడు మరిచినం, వచ్చేసారి యాదిల పెట్టు అని ఆమె చెప్పింది.

చుక్కల సంగతి నువ్వు రాయలే. రాసే పని లేదు, పెట్టి ఉండవు. నీ చెయ్యి నాకు తెలువదా?

నిషాత్ కు పొమ్మని చెప్పిన. వచ్చే నెల మొదటి ఆదివారం దవాఖాన దోస్తులతోని వస్తుందట. వానకు దారి తెలువదేమోనని భయపడ్డది. నేను రాసి పంపిన, "బేటీ, మనసుల అనుమానం వచ్చిన కాడ ఆగు. బండల మీద ఎర్ర బాణం, దాని తోక కింద రెండు చుక్కలు ఉన్నయా చూడు. ఉంటే అది మీ కాక చెయ్యి. వేరే ఏ గుర్తునూ నమ్మకు. చుక్కలున్న కాడ మీ అబ్బా ఇరవై ఏండ్లు నిలబడ్డడు. కండ్లు మూసుకొని కాలు పెట్టు" అని.

పైన మన పేర్లు నాచు పట్టి ఉంటయి. తుడిచి ఫోటో తియ్యమని చెప్పు.

బాబు మియా


కరీంనగర్,
20 ఆగస్టు 2024

బాబు భాయ్,

నువ్వు బిడ్డను తీసుకపోయి పదమూడు రోజులైంది. ఎన్నోసార్లు కాయితం పట్టిన, పక్కన పెట్టిన.

ఆ రోజు దవాఖాన కాడ నీకు ఏం చెప్పిన్నో నాకు యాదికి లేదు. అందుకే రాస్తున్న. వాన పడి బండలు నాచు పట్టినయి. బిడ్డ ముందు నడిచిందట, దోస్తులు వెనుకబడ్డరట. కాలు జారింది. క్వారీ దిక్కు పడ్డది. క్లబ్బోళ్లు, నేను, క్వారీ పనోళ్లు కలిసి తాడు కట్టి తీసుకొచ్చినం. అప్పటికి ఊపిరున్నది. మూడు దినాలు డాక్టర్లు చేసేదంత చేసిండ్లు. ప్రమాదం అని పోలీసులు రాసుకున్నరు. ఎవ్వల తప్పు లేదు. దేవుడు గట్ల రాసిండు.

వార్డు బయట నువ్వు నా చెయ్యి పట్టుకుంటివి. పలక మీద "ఎటు దిక్కు పోయింది?" అని రాస్తివి. నాకు కండ్లు కనిపియ్యలే, అందుకే జవాబు చెప్పలే. ఏమనుకోకు.

బండి తెరుస్తలేను. బిడ్డ నీళ్ల సీసా నా కాడనే ఉన్నది. పొయ్యేటప్పుడు, బరువైతది కాకా, వచ్చి తీసుకుంట అని బండి మీద పెట్టింది. పంపాల్నా?

వదినె ఏమన్న తింటుందా?

కైలాసం


ఆదిలాబాద్,
7 సెప్టెంబర్ 2024

కైలాసం,

నిషాత్ ఫోన్ అద్దం పగిలింది. ఇక్కడ దుకాణంల ఇచ్చి బాగు చేయించిన. నిన్న ఇచ్చిండ్లు.

ఆఖరు ఫోటో ఆదివారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు తీసింది. ఒక బండ. దాని మీద ఎర్ర బాణం ఎడమకు చూపుతుంది. నల్ల పెయింటు ఎక్కడ లేదు. తోక కింద రెండు చుక్కలున్నయి.

ఆ ఫోటో నాకు పంపాలని కింద రాసుకున్నది. గుట్ట మీద సిగ్నల్ లేక రాలే, ఫోన్ లనే ఉండిపోయింది. "అబ్బా, కాక చుక్కలు దొరికినయ్" అని రాసింది.

ఇరవై ఏండ్లల నిన్ను ఎన్నడు అడుగలే. ఇప్పుడు అడుగుతున్న.

సరిగ్గ విన్నవా?

బాబు మియా


కరీంనగర్,
16 సెప్టెంబర్ 2024

బాబు భాయ్,

వినలే.

సుత్తె సుత తీసుకపోలే. సారు మీద కోపంతోని పోయిన, కుంచె ముంచిన, గీసిన. చుక్కలు పెట్టాలని పెట్టలే. బాణం గీసినంక చెయ్యి తానే కిందికి పోయి రెండు చుక్కలు పెట్టింది. పెట్టినంక చూసుకున్న. తుడుద్దామా అనుకున్న. సంతకం లెక్క కనిపించింది. పదేండ్ల తర్వాత నా చుక్కలు నేను చూసుకున్న. మంచిగనిపించి వదిలేసిన.

నువ్వు తుడవమని రాసిన దినం మోకాలు వాచి ఉండె. రేపు పోత అనుకున్న. రేపు చాయ్ గిరాకీ. ఎల్లుండి కొమురవ్వ నడుము. ఎట్లయినా తుడిచేదే గద, ముందుగాల రాసేస్తే నువ్వు నిమ్మళంగ ఉంటవనుకున్న. రాసుకుంట కూసుంటే కోతి వచ్చింది. కోతి మంచిగ కుదిరినంక నిజంగనే తుడిచినట్టు అనిపించింది. నా అబద్ధాలు నేనే నమ్ముత భాయ్, అది నీకు తెలుసు. నువ్వు సుత నవ్వేటోనివి.

ఆ ఆదివారం బిడ్డ బండి కాడ నిలబడ్డది. బజ్జీ తిన్నది. "కాకా, నీ చుక్కలు చూసుకుంట పోతా, అబ్బా చెప్పిండు" అన్నది. నా చేతుల గిన్నె ఉండె. చెప్పొచ్చు. ఎడమకు పోకు బిడ్డా, అది నా తమాషా అనొచ్చు. నోరు తెరిచిన సుత. చెప్తే తుడవలేదని నీకు తెలుస్తది. తుడిచిన అని రాసినోన్ని, కోతి కథ చెప్పినోన్ని, నీ ముందట దొంగనైత. గదొక్క సిగ్గు. ఏమైతదిలే, చుట్టు తిరిగి ముప్పావు గంటకు ఇక్కడికే దిగుతది, చూసి నవ్వుదాం, మూడో బజ్జీ అప్పుడు పెడుదాం అనుకున్న. "పైలంగ పో" అన్న.

కొత్త కాంట్రాక్టరు తాడుదారి కింది రాయిని తోడేసిండని నాకు తెల్వదు. మిషన్ల చప్పుడు విన్న. ఏం కోస్తుండ్లో పోయి చూడలే. ఎండలు ముదిరినంక ట్రెక్కింగోళ్లు వచ్చుడు బందైంది, ఎడమకు పోయి వచ్చి చెప్పినోళ్లు సుత లేరు.

నీ ఉత్తరం వచ్చినంక ఎక్కిన. కూసుంట లేచుకుంట మూడు గంటలు పట్టింది. బాణం దాటినంక నాలుగడుగులు దారి ఉన్నది. ఐదో అడుగు కాడ ఏం లేదు. అంచు మీద గడ్డి మొలిచి ఉన్నది, పైనుంచి చూస్తే దారి లెక్కనే కనబడుతది. బండను నల్లగ పూసిన. పూసిన అని నేను రాస్తే ఇప్పుడు నువ్వు నమ్మవు. నమ్మకు. పైదాక పోలే. మన పేర్లు చూసే మొహం లేదు.

ఠాణాకు పోయిన. నేనే గీసిన అని చెప్పిన. అక్కడ నన్ను ఎరుగనోళ్లు లేరు. ఒకాయన కుర్చీల నుంచి లేవకుంటనే నవ్విండు. "కైలాసం, ఇదేం కొత్త తమాషా? సచ్చిన పిల్ల మీద సుత ఆడుతవా? నడువు" అన్నడు. రెండోసారి పోతే గేటు కాడనే ఆపిండ్లు. నా మాట నిజమని చెప్పేటోడు ఈ లోకంల ఒక్కడే ఉన్నడు, వానికి గొంతు లేదు.

కొమురవ్వకు చెప్పిన. తిడుతదనుకున్న. తిట్టలే. అప్పటి నుంచి నాకు అన్నం పెడుతది, మొహం చూడదు. దాని నోటికి విరుగుడు లేదని రాసిన గద. దొరికింది.

క్షమించమని అడుగను. ఒక్కటడుగుత. బిడ్డ తల దిక్కు రాయి పెట్టేటప్పుడు నన్ను పిలువు. రాయి నేను చూస్త. గీత నేను గీస్త. ఈసారి చెవి పెట్టి వింట భాయ్.

కైలాసం


ఆదిలాబాద్,
27 అక్టోబర్ 2024

కైలాసం,

బిడ్డ పేరు మీద నలభై దినాల ఫాతెహా చదివించుడు అయిపోయింది.

నీ ఉత్తరం చదివిన. చింపలే, దాచలే. కిటికీల ఉన్నది. షహర్ బానో దాన్ని రోజూ తీసి, దుమ్ము దులిపి, మళ్ల అక్కడనే పెడుతది. కైలాసం భాయ్ ఏం రాసిండని అడిగింది. ఆమెకు చదువ రాదు. నాకు చెప్పే గొంతు లేదు. పలక మీద రాసినా ఆమెకు అక్షరాలు తెల్వయి. కోతి కథ సైగలతోని చెప్పిన. ఇది ఎట్ల చెప్పాలె? బాగున్నడట అని చెయ్యి ఊపిన. ఆమె తల ఊపింది. వచ్చే రంజాన్ కు సేమియా పంపుదామన్నది. పంపుతది. తిను.

నేను ఠాణాకు రాను. నీ కోసం కాదు. ఆ చుక్కల మీద నిలబడమని దానికి రాసి పంపింది నేను. కండ్లు మూసుకొని కాలు పెట్టు అన్నది నేను. ఆ మెసేజ్ దాని ఫోన్ ల నీ బాణం కంటే పైన ఉన్నది.

రాయి పెట్టిన. నల్లరాయి, కరీంనగర్ దే అని అమ్మెటోడు చెప్పిండు. నిన్ను పిలువలే. పేరు చెక్కెటందుకు గీత నేనే గీసిన. నేను గీసినోన్ని కాదు, గీసిన కాడ పొడిచినోన్ని. గీత వంకర పోయింది. చెక్కెటోడు సరిచేస్త అన్నడు. వద్దన్న.

గీసే ముందు సుత్తెతోని ఒక దెబ్బ కొట్టి, రాయికి చెవి ఆనించిన. శానా సేపు ఆనించిన. షహర్ బానో వచ్చి నా భుజం పట్టి లేపింది.

ఏం వినబడలే. ఇరవై ఏండ్లు నువ్వు ఏం విన్నవో నాకు తెల్వదు.

చుక్కలు పెట్టలే.

నీళ్ల సీసా పంపకు. దాన్ని అక్కడనే ఉండనియ్యి. వచ్చి తీసుకుంట అన్నది నీతోనే.

బాబు మియా